కింది జాగా

జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి దారి పట్టి పోతే, ఇళ్లు పలచబడి చెరకు తోటలు మొదలయ్యే చోట ఎర్రమట్టి నేల ఒక్కసారిగా కిందికి దిగుతుంది. పైన రోడ్డు, అడుగున ఒక కుంట. ఆ రెంటి మధ్య వాలు మీద ఉన్న జాగాను షంషాద్ వాళ్ల అబ్బా కొన్నాడు. బస్టాండు పక్కన ఒక మల్గీలో, అంటే చిన్న దుకాణంలో, సైకిళ్లు బాగుచేసి బతికిన మనిషి ఆయన. చదును జాగా కొనలేక దొర్లిపడే జాగా కొన్నాడని బజార్లో నవ్వినవాళ్లున్నారు. "దొర్లితే కుంటల పడ్త, స్నానం అయితది" అని ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇల్లు మొదలుపెట్టకుండానే కన్నుమూశాడు.

పిల్లలు ఇద్దరే, షంషాద్ పెద్దది. తమ్ముడు ముష్తాక్ ఆమె తర్వాత చాలా ఏళ్లకు పుట్టాడు. వాణ్ని చంకనేసుకుని తిప్పిందీ, పలక మీద అక్షరాలు దిద్దించిందీ ఆమే. అబ్బాకు చేతులు వణికి సైకిల్ చైను ఎక్కించడం కూడా చేతకాని రోజుల్లో, ఆమె పదో తరగతి మధ్యలో వదిలేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. ముష్తాక్ పాలిటెక్నిక్ దాకా చదివింది ఆ మిషను చప్పుడు వింటూనే. చదువయ్యాక కాంట్రాక్టర్ల దగ్గర సూపర్‌వైజర్‌గా కుదిరాడు. మున్సిపల్ ఆఫీసులో ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారో, ఎవరు చాయ్‌లో చక్కెర వేసుకోరో అతనికి తెలుసు. ఊళ్లో ఇల్లు కట్టుకోవాలనుకున్నవాళ్లు ముందు ముష్తాక్‌ను అడిగేవాళ్లు. తమ్ముడి పేరు పరాయివాళ్ల నోట వింటే షంషాద్ కడుపు నిండేది.

ఆమె భర్త అబ్దుల్ సమద్ చెరకు ట్రాక్టర్ల ట్రాలీలకు వెల్డింగ్ చేస్తాడు. మాట తక్కువ మనిషి. ఒక్కతే కూతురు, సిద్రా, డిగ్రీ చదువుతోంది. పెళ్లయినప్పటి నుంచీ కిరాయి ఇళ్లే. ఒక ఇంట్లో మిషను చప్పుడుకు పిల్లలు నిద్రపోవట్లేదన్నారు, ఇంకో ఇంట్లో బ్లౌజులకొచ్చే ఆడవాళ్లు మెట్ల మీద చెప్పులు విడుస్తున్నారని గొడవ పెట్టుకున్నారు. ఇల్లు మారినప్పుడల్లా గిరాకీ సగం జారిపోయేది. మళ్లీ కొత్త గల్లీలో మొదటి నుంచి మొదలు. అందుకే సొంత ఇల్లు అనే మాట ఆమె నోట ఎక్కువగా వచ్చేది కాదు, వచ్చినప్పుడు మాత్రం గొంతు మారేది.

అబ్బా పోయిన ఏడాది తిరిగాక పంపకాల మాట వచ్చింది. ఉన్నవి రెండే: బస్టాండు మల్గీ, వాలు జాగా. పద్ధతి ప్రకారం కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. మసీదు కమిటీ సదర్ సాబ్, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. అమ్మీ తలుపు పక్కన తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉంది. అప్పుడు ముష్తాక్ లేచి ఒక మాట అన్నాడు.

"మా ఆపా లేకుంటే నేను లేను. జాగాల సగం ఆపాదే. నాకు రెండు పాళ్లు వద్దు."

సదర్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ కాలంల ఇట్లాంటి తమ్ముడు ఎవరికుంటడు బేటీ?" అన్నాడు. షంషాద్‌కు ఏడుపు ఆగలేదు. పైసగం రోడ్డు వైపు ముష్తాక్‌కు, కిందిసగం కుంట వైపు షంషాద్‌కు అని ముష్తాకే చెప్పాడు. "కింద గాలి మస్తు ఉంటది ఆపా. అబ్బా ఎప్పుడూ ఆడనే కూసునేటోడు కదా." ఆ గాలి మాట ఆమెకు సూటిగా గుండెలో దిగింది. తమ్ముడు ఇంత చేస్తే తను ఊరికే ఎట్లా ఉంటుంది? మల్గీలో తన పాలు వదులుకుంటానని ఎవరూ అడగకుండానే ఆమె అంది. సమద్ ఒకసారి తల ఎత్తి చూశాడు. కొన్నాళ్లకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చుని వేలిముద్రలు వేశారు. ఆ రోజు ముష్తాక్ అందరికీ జిలేబీ కొనిపెట్టాడు.

ఆ తర్వాత నెలలు షంషాద్ జీవితంలోకెల్లా మంచివి. ప్రతి శుక్రవారం సాయంత్రం అందరూ వాలు మీదికి వెళ్లేవాళ్లు. ముష్తాక్ చేతిలో సున్నం సంచి పట్టుకుని గీతలు పోసేవాడు. వాలును మెట్లుగా కోద్దామన్నాడు. పైమెట్టు మీద తన ఇల్లు, కిందిమెట్టు మీద అక్క ఇల్లు, నడుమ అమ్మీకి ఒక గది. అక్క ఇంటి మిద్దె సరిగ్గా తమ్ముడి వాకిలికి సమానంగా వస్తుంది. "ఇగ చూడు, హుమేరా వాకిట్ల నుంచి అడుగేస్తే నీ మిద్దె మీదికి వస్తది. ఇద్దరు కూసొని ఆడనే అల్లం పొట్టు తీసుకోన్రి" అన్నాడు. హుమేరా అతని భార్య. నెమ్మదైన పిల్ల. ఆమె నవ్వి, "నాకు పొట్టు తీసుడు, ఆపాకు మిషను. తెలివైనోళ్లు మీరు" అంది.

షంషాద్ ఇంట్లో బట్టల కత్తిరింపుకు వాడే దళసరి కాగితాలు పరిచి గదులు కత్తిరించేది. ఇది వంటిల్లు, ఇది సిద్రా గది, ఇది మిషను గది, దీనికి వేరే తలుపు. వంటిల్లు చిన్నదైందని అతుకు వేసేది. మిషను గది కిటికీ ఎటు పెట్టాలన్నది తల్లీ కూతుళ్ల మధ్య పెద్ద వాదన. సిద్రా కుంట కనిపించాలని, షంషాద్ ఎండ పడొద్దని. సమద్ అన్నం తింటూ వినేవాడు. ఒకరోజు మాత్రం అడిగాడు.

"కుంటకు గింత దగ్గర కట్టనిస్తరా? గవర్నమెంటోళ్లు ఏమనరా?"

"ముష్తాక్‌కు తెల్వదా ఏంది?" అంది షంషాద్, కొంచెం కోపంగానే. "ఊరంతటికీ పర్మిషన్లు తెచ్చేటోడు."

అయినా మరుసటి శుక్రవారం తమ్ముణ్ని అడిగింది. ముష్తాక్ సున్నం చేతులు దులుపుకుని, "జర రూల్స్ ఉంటయి ఆపా, ఉండవని కాదు. అవన్ని నేను చూస్కుంట. నువ్వు ఫికర్ చెయ్యకు. ముందు పైది లేపుదం, ఇనుము, సిమెంటు అలవాటైన రేటుకు వస్తయి. పైది అయినంక కిందిది" అన్నాడు. ఆమెకు అందులో తప్పు కనిపించలేదు. పైవాళ్ల ఇల్లు ముందు లేస్తేనే కదా కిందివాళ్ల మిద్దె ఎంత ఎత్తుండాలో తెలిసేది.

పని మొదలైంది. పాండు అనే మేస్త్రీ వచ్చాడు. పైజాగా రోడ్డు కంటే పల్లంగా ఉంది కాబట్టి మట్టి నింపి ఎత్తు పెంచాలి. మట్టి ఎక్కణ్నుంచి? ముష్తాకే దారి చెప్పాడు: "ఆపా, నీ దిక్కు ఎట్లైనా చదును చెయ్యాలె కదా. ఆ మట్టే పైకి తీసుకుంట. నీకు తవ్వకం ఖర్చు తప్పుతది." మంచిమాటే అనిపించింది. జేసీబీ వచ్చి కిందిజాగాను కొరికి పైకి పోసింది. షంషాద్ రోజూ మధ్యాహ్నం చాయ్ ఫ్లాస్కు పట్టుకుని పోయేది. తన ఎర్రమట్టి తమ్ముడి పునాదిలో పడుతుంటే నిలబడి చూసేది. ఇల్లు తనదే అయినంత సంతోషంగా ఉండేది. ఒకరోజు పాండు, "అమ్మా, మీ దిక్కు గుంత లోతైతుంది, ఇంక జాలనుకుంట" అన్నాడు. "నా తమ్ముడికి తెలుసు పాండూ, నువ్వు తవ్వు" అంది ఆమె.

మృగశిర దాటి వానలు పడ్డాయి. ముష్తాక్ ఇంటికి స్లాబ్ పడి, గోడలు లేచి, తలుపులు బిగించారు. ఇంకా రంగులు వేయకుండానే అమ్మీని, భార్యను, కొడుకు అమాన్‌ను తీసుకుని అందులో దిగాడు. కింద గుంతలో నీళ్లు నిలిచాయి. కుంట నిండి, ఆ నీళ్లు వచ్చి ఈ నీళ్లతో కలిశాయి. అప్పుడెవరో కుంట గట్టు తవ్వేస్తున్నారని ఆఫీసులో ఫిర్యాదు చేశారు.

ఒక పొద్దున జీపు వచ్చి రోడ్డు మీద ఆగింది. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు, ఆయన వెంట ఒకతను. షంషాద్ అప్పటికే అక్కడ ఉంది. అమ్మీకి కొత్త గదిలో కర్టెన్లు కడుతోంది. ముష్తాక్ గబగబా చెప్పులేసుకుని దిగాడు. "నువ్వు ఇంట్లనే ఉండు ఆపా" అన్నాడు. కానీ మాట్లాడేది తన జాగా గురించి. ఆమె కొంగు తల మీదికి లాక్కుని వెనకాలే దిగింది.

ఆఫీసరు గుంత వైపు చూపించి, "ఈ తవ్వకం ఎవరిది?" అన్నాడు.

"నాది సార్" అంది షంషాద్. "ఇల్లు కట్టుకుందమని. చదును చేయించిన."

ఆఫీసరు ఆమెను, ముష్తాక్‌ను మార్చి మార్చి చూశాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు, ఆశ్చర్యం ఉంది.

"ఇల్లేంది ముష్తాక్ భాయ్? నేను పోయిన ఏడు ఎండాకాలంలనే ఇక్కడ నిలబడి మీకు చెప్పిన కదా. కుంట నిండితే నీళ్లు ఏడిదాక వస్తయో చూపెట్టిన. దాని మీద ఇంక కొంత దూరం విడవాలన్న. ఈ కిందిసగం మొత్తం అందులనే పోతది, ఒక్క ఇటుక పెట్టనియ్యమన్న. మీరేమో సరే సార్, పైననే కట్టుకుంటం అన్నరు. ఈ అమ్మకు చెప్పలేదా?"

పోయిన ఏడు ఎండాకాలం. పంపకాలు జరిగింది ఆ తర్వాత వచ్చిన చలికాలంలో.

 ఆఫీసరు ఇంకా ఏదో చెబుతున్నాడు, తవ్వినందుకు నోటీసు జాగా ఓనరు పేరు మీదనే వస్తుందని, గుంత పూడ్చాల్సి ఉంటుందని. ఓనరు అంటే తనే. ఆమె తమ్ముడి ముఖం వైపు చూసింది. అతను నేల వైపు చూస్తూ చెప్పుతో ఒక రాయిని తిప్పుతున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి దొరికినా ఇలాగే, కాలితో ఏదో ఒకటి తిప్పేవాడు. అది చూశాక ఆమెకు ఇంకేమీ అడగాల్సిన అవసరం రాలేదు.

అయినా జీపు పోయాక అడిగింది.

"నీకు ముందే తెలుసా ముష్తాక్?"

"చెప్దమనుకున్న ఆపా. టైము రాలే."

"జాగా పంచేటప్పుడు తెలుసా?"

"రూల్స్ మారుతయి. రేపు గవర్నమెంటు మారితే..."

"తెలుసా, తెల్వదా?"

అతని గొంతు లేచింది. "తెలుసు! అయితే ఏంది? రెండు పాళ్లు నావి. నేను సగం ఇచ్చిన. ఊర్ల ఏ తమ్ముడన్న ఇచ్చిండా? ఇల్లు లేకుంటే ఏమైంది, అల్లం పెట్టుకో, కూరగాయలు పెట్టుకో. జాగా జాగానే."

"మరి నా మల్గీ పాలు?"

"నేను అడిగిన్నా? నువ్వే ఇచ్చినవ్."

ఆ మాట నిజం. ఆమెను అన్నిటికంటే కోసింది అదే. అతను మల్గీ అడగలేదు, ఏదీ లాక్కోలేదు. కింది గాలి గురించి ఒక మాట అని ఊరుకున్నాడు. మిగిలినదంతా ఆమెతోనే ఇప్పించుకున్నాడు. ఆమె ప్రేమ ఎటు పారుతుందో అతనికి బాగా తెలుసు.

షంషాద్ పైకెక్కి అమ్మీ గదిలోకి పోయింది. సగం కట్టిన కర్టెను వేలాడుతోంది. అమ్మీ మంచం మీద కూర్చుని ఉంది. కిటికీ తెరిచే ఉంది, కింది మాటలన్నీ ఆమె చెవిన పడే ఉంటాయి.

"విన్నవా అమ్మీ, వాడేం చేసిండో?"

అమ్మీ చేతిలో తస్బీ ఆగింది, మళ్లీ కదిలింది. ఆశ్చర్యపడలేదు. అయ్యో అనలేదు. షంషాద్ గోడ పట్టుకుంది.

"నీకు గూడ తెలుసా?"

అమ్మీ అంది: "నేను ఉండేది వాని ఇంట్ల బేటీ. నీ ఇంట్ల నేను సమద్ ముందల ఎట్ల ఉంట? వానికి కోపం వస్తే నేనేడికి పోత?"

"నేను ఇన్ని నెలల నుంచి కాగితాలు కత్తిరిస్తున్న అమ్మీ. నీకు తెచ్చి చూపెట్టిన. ఈ కిటికీ ఇటు పెడ్దమా అటు పెడ్దమా అంటే నువ్వు గూడ చెప్పినవ్. అటు పెట్టు, ఎండ తక్కువ అని చెప్పినవ్."

అమ్మీ ఏడ్చింది. షంషాద్ మాత్రం ఏడవలేదు. తమ్ముడి మోసానికి కోపం వచ్చింది, కోపం ఎక్కడో ఒకచోట ఆగుతుంది. కిటికీ ఎటు పెట్టాలో చెప్పిన తల్లిని తలుచుకుంటే మాత్రం ఆమెకు అడుగు ఎక్కడ ఆనుతుందో తెలియలేదు. రోడ్డెక్కి ఆటో కూడా పిలవకుండా ఊరిదాకా నడిచింది. చెరకు ట్రాక్టర్లు పక్కనుంచి పోతుంటే దుమ్ము కూడా తుడుచుకోలేదు.

సమద్ విన్నాడు. విని వెల్డింగ్ రాడ్డు పక్కన పెట్టి, "నడువు, పోయి వాని ఇంటి గోడ వాని ముందల్నే కూలగొడ్త" అని లేచాడు. అంత కోపం అతనిలో ఆమె ఎప్పుడూ చూడలేదు. చెయ్యి పట్టుకుని ఆపింది. "నాకు అనుమానమొచ్చింది" అన్నాడు అతను, కూర్చుంటూ. "నీ తమ్ముని మీద అంటే నువ్వు వినవు అని ఊకున్న." ఆ ముక్క కూడా ఆమెకు గుచ్చుకుంది. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి, అందరూ ఊరుకున్నారు.

సదర్ సాబ్ దగ్గరికి పోయింది. ఆయన ఈసారి కళ్లద్దాలు తియ్యలేదు. "సంతకాలు అయిపోయినయి బేటీ. అప్పుడు అడగాల్సింది. ఇది ఇంటి విషయం, బజార్ల పెట్టకు" అన్నాడు. ముష్తాక్‌ను మెచ్చుకున్న నోళ్లన్నీ ఇప్పుడు ఇంటి విషయం అన్నాయి. సిద్రా వకీలు దగ్గరికి పోదామంది. షంషాద్ బ్లౌజులు కుట్టింది. ఒకామె బ్లౌజుకు చేతులు తిరగేసి కుట్టి, మళ్లీ విప్పి కుట్టింది.

వానలు గట్టిగా పట్టిన వారంలో ముష్తాక్ ఇంటి వెనకగోడలో బీట వచ్చింది. నింపిన మట్టి కింద ఆధారం లేదు, ఆ ఆధారాన్నే కదా తవ్వి పైకి పోసింది. మట్టి కొంచెం కొంచెంగా గుంతలోకి జారుతోంది. కింద షంషాద్ జాగాలో అడుగుపెట్టి రాతిగోడ కడితే తప్ప ఇల్లు నిలవదని పాండు చెప్పాడు. మట్టి ఆపే గోడకైతే ఆఫీసు ఒప్పుకుంటుంది, కానీ జాగా ఓనరు రాసివ్వాలి.

ముష్తాక్ వచ్చాడు. గడప బయటే నిలబడి, "అమ్మీ పండేది ఆ గదిలనే ఆపా" అన్నాడు. 

"అమ్మీకి ఈడ జాగా ఉంది. ఇయ్యాల్నే తీస్కరా" అంది షంషాద్. "గోడ సంగతి తర్వాత. ముందు నా మల్గీ పాలు నాకు రాసియ్యి."

"తల్లి పానం మీద బేరమాడ్తవా?"

"బేరం నువ్వు నేర్పిందే."

అతను వెళ్లిపోయాడు. అమ్మీ రాలేదు. వాన ఆగలేదు. చినుకు చప్పుడు పెద్దదైనప్పుడల్లా షంషాద్ మిషను ఆపేది. ఇక పట్టుపట్టలేనని, మర్నాడు పొద్దున్నే పోయి రాసిచ్చి వస్తానని సమద్‌తో అన్న మధ్యాహ్నమే హుమేరా వచ్చింది. ఒక్కతే వచ్చింది, గొడుగున్నా సగం తడిసింది.

"ఆయన నాకు గూడ చెప్పలే ఆపా" అంది నిలబడే. "ఆఫీసరు అన్నప్పుడే నాకు తెలిసింది. నేను మీతో మిద్దె మీద కూసొని పొట్టు తీస్తననుకున్న, నిజంగనే అనుకున్న."

షంషాద్ టవలు ఇచ్చింది. హుమేరా తుడుచుకోకుండా చేతిలో పట్టుకుంది.

"మల్గీల మీ పాలు మీ పేరు మీద రాస్తడు. రేపు వస్తడు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు. రాయకుంటే పిల్లగాన్ని తీస్కొని న్యాల్‌కల్‌ల మా అమ్మోల్లింటికి పోత అన్న. మీరు గోడకు రాసియ్యున్రి."

"ఇది నా కోసమా హుమేరా, గోడ కోసమా?"

హుమేరా టవలు మడత పెట్టింది. "నేను ఆ ఇంట్ల నిద్రపోవాలె ఆపా" అంది.

ఆ మాటకు రెండర్థాలున్నాయి. షంషాద్ ఏదీ ఎంచుకోలేదు. చాయ్ పెట్టింది. ఇద్దరూ తాగారు.

మరుసటి రోజు పని జరిగింది. ఈసారి అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చోలేదు, జిలేబీ ఎవరూ తేలేదు. రాతిగోడ లేచింది. గోడ వెనక మట్టి నింపడంతో గుంత కొంత పూడింది. మిగతాది సమద్ నెమ్మదిగా పూడ్పించి నోటీసు వదిలించుకున్నాడు. కింది జాగాలో ఇల్లు లేదు, ఇక రాదు. సిద్రా ఆ కాగితాల గదులను మడిచి ఎక్కడో పెట్టింది, తల్లి అడగలేదు.

బస్టాండు మల్గీకి నడుమ ప్లైవుడ్ కొట్టించారు. ఒక పక్క షంషాద్ మిషను, ఇంకో పక్క ముష్తాక్ ఆఫీసు. గిరాకీ బాగానే ఉంది. బస్సు దిగిన ఆడవాళ్లు నేరుగా వస్తారు, ఇప్పుడు చెప్పులు ఎక్కడ విడిచినా అడిగేవాళ్లు లేరు. అక్కాతమ్ముళ్లు రోజూ ఒకే వేళకు షట్టర్లు ఎత్తుతారు. సలాం అంటే సలాం, అంతకు మించి లేదు. ఇల్లు కట్టుకుందామని వచ్చినవాళ్లకు ముష్తాక్ చెప్పేవన్నీ ప్లైవుడ్ ఇవతలికి వినిపిస్తాయి. "చెరువు పక్కదైతే ముందే చెప్తున్న, ఆశ పెట్టుకోకున్రి" అని ఓపికగా, ఒక్కోటీ విడమరిచి చెబుతాడు. పరాయివాళ్లకు అంత బాగా చెప్పగలడు. వింటున్నప్పుడు షంషాద్ కాలు పెడల్ మీద కాసేపు ఆగుతుంది.

అమ్మీ ఒకటి రెండుసార్లు మల్గీకి వచ్చి కూర్చుంది. షంషాద్ కుర్చీ వేసింది, చాయ్ తెప్పించింది, మోకాళ్ల నొప్పికి దవాఖానకు తీసుకుపోయింది. అన్నీ చేసింది. తన సంగతులు చెప్పడం మాత్రం మానేసింది. సిద్రాకు సంబంధం వచ్చిందన్న మాట అమ్మీకి బయటివాళ్ల వల్ల తెలిసింది.

ఆ ఏడు రంజాన్‌కు అమాన్ కుర్తా ఎప్పటిలాగే షంషాదే కుట్టింది. పిల్లవాడి మెడ కొలత ఆమెకు చూడకుండానే తెలుసు. పండగ పొద్దున దాన్ని ఇస్త్రీ చేసి, కవర్లో పెట్టి సమద్ చేతికిచ్చింది. అతను ఒక్కడే మొగుడంపల్లి దారిలో ఆ ఇంటికి పోయాడు. ముష్తాక్ తలుపు తీసి, కవరు అందుకుని, సమద్ భుజం మీదుగా రోడ్డు వైపు చూశాడు.

"ఆపా రాలేదా దుల్హాభాయ్?"

"పని ఉంది" అన్నాడు సమద్.

పండగ పూట మల్గీలన్నీ మూసే ఉంటాయని ఇద్దరికీ తెలుసు. ముష్తాక్ కవరు పట్టుకుని, లోపలికి రమ్మని పక్కకు జరిగాడు. సమద్ గడప దగ్గరే షీర్‌ఖుర్మా తాగి, అమాన్ తల నిమిరి, తిరిగి వచ్చేశాడు.